వెల్లుల్లి, వైన్, ఎద్దు పిత్తం: వెయ్యేళ్ల నాటి కంటి మందు మొండి బ్యాక్టీరియాని నిజంగానే చంపిందా?

గోదారి_గట్టు

అందరికీ నమస్కారం. మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ చక్కర్లు కొడుతోంది. "వెయ్యేళ్ల కిందటి ఇంగ్లండు పుస్తకంలోని వెల్లుల్లి మందు, ఏ యాంటీబయాటిక్‌కీ లొంగని బ్యాక్టీరియాని 90 శాతం చంపేసింది. డాక్టర్లు ఈ సంగతి బయటికి రానివ్వరు" అని. కింద ఒక పాత తోలు అట్ట పుస్తకం బొమ్మ, వరసగా దండం పెట్టే ఎమోజీలు.

మామూలుగా అయితే చూసి వదిలేసేవాణ్ణి. కానీ మా పెద్దమ్మకి కుడికాలి బొటనవేలి కింద పుండు పడి నెల దాటింది. షుగర్ ఎప్పట్నుంచో ఉంది. ఊళ్లో మందుల షాపులో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్ రెండు రకాలు వాడింది, తగ్గలేదు. ఇప్పుడు మా మావయ్య "వెల్లుల్లి నూరి కట్టేద్దాం, ఇంగ్లండోళ్లే ఒప్పుకున్నారు కదా" అని పట్టుబట్టాడు. నాకు రెండు సందేహాలు. ఈ వార్తలో నిజమెంత? కడితే నష్టమేమైనా ఉందా?

ఐసీయూ_రాత్రులు

రెండోదానికి ముందు చెప్తా. కట్టొద్దు.

పచ్చి వెల్లుల్లి ముద్ద గంటల తరబడి చర్మం మీద ఉంటే కాలుతుంది, బొబ్బలెక్కుతుంది. షుగర్ ఉన్నవాళ్లకి పాదాల్లో స్పర్శ తగ్గిపోయి ఉంటుంది కాబట్టి ఆ మంట తెలీదు. పొద్దున కట్టు విప్పేసరికి పుండు పెద్దదై కూర్చుంటుంది. మా వార్డుకి ఒకాయన పసుపూ సున్నమూ కలిపి కట్టుకుని వచ్చారు. కట్టు తీసి, ఎండి అతుక్కుపోయిన ముద్దని సెలైన్‌తో నానబెట్టి కడిగితే కింద తెల్లగా ఎముక కనిపించింది. వేలు తీసేయాల్సి వచ్చింది.

పెద్దమ్మగారిని ఈ వారంలోనే సర్జన్‌కి చూపించండి. చచ్చిన కండ తీసేసి, లోపలి నుంచి చిన్న ముక్క కల్చర్‌కి, అంటే ఏ బ్యాక్టీరియా ఉందో పెంచి చూసే పరీక్షకి, పంపాలి. పైపైన దూదిపుల్లతో తుడిచి పంపిస్తే చర్మం మీద ఊరికే ఉండే బ్యాక్టీరియా కూడా రిపోర్టులోకి ఎక్కేస్తుంది. ఎముకకి పాకిందేమో ఎక్స్‌రే తీయాలి. ఆ కాలి మీద బరువు పడకూడదు, చాలా ఇళ్లలో దీన్ని అసలు పట్టించుకోరు. జ్వరం ఉన్నా, ఎరుపు పైకి పాకుతున్నా, చెడు వాసన వస్తున్నా వారం కూడా ఆగకండి, ఈ రోజే వెళ్లండి.

మైక్రో_మాధవి

ఐసీయూ గారు చెప్పింది ముందు చేయండి. మొదటి ప్రశ్న నేను తీసుకుంటా. నేను హైదరాబాద్‌లో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో మైక్రోబయాలజీ చూస్తాను.

వార్త గాల్లోంచి పుట్టింది కాదు. నాటింగ్‌హామ్ యూనివర్సిటీలో క్రిస్టినా లీ అనే ఆవిడ పాత ఇంగ్లీషు సాహిత్యం మీద, ఫ్రెయా హారిసన్ బ్యాక్టీరియా మీద పరిశోధన చేసేవారు. వీళ్లు కలిసి 10వ శతాబ్దపు 'బాల్డ్స్ లీచ్‌బుక్' అనే వైద్య గ్రంథంలోంచి ఒక కంటి మందు తీసుకుని, రాసింది రాసినట్టు తయారుచేసి, 2015లో ఫలితాలు అచ్చువేశారు. కనురెప్ప మీద లేచే కురుపుకి ఆ మందు. మన ఇళ్లలో వేలు అరచేతిలో రుద్ది వెచ్చగా అద్దుతారే, ఆ కంటికురుపే. దానికి ఎక్కువసార్లు కారణం స్టెఫైలోకాకస్ ఆరియస్. అందులో మందులకి లొంగని రకమే ఎమ్మార్‌ఎస్‌ఏ. అందుకని ఈ మందు మీద కన్నుపడింది.

ఆ మందు తయారీ ఇది: వెల్లుల్లి, దాంతో సమానంగా ఉల్లి జాతి మొక్క ఇంకొకటి తీసుకుని బాగా దంచాలి. వైన్, ఎద్దు పిత్తం సమపాళ్లలో పోయాలి. ఇత్తడి పాత్రలో తొమ్మిది రాత్రులు ఉంచి, గుడ్డలో వడకట్టి, రాత్రిపూట ఈకతో కంటికి రాయాలి. ఆ రెండో మొక్క ఉల్లిపాయో, ఉల్లికాడలా ఉండే లీక్ అనే మొక్కో ఖాయంగా తెలీక రెండు రకాలుగానూ చేశారు. పాత్ర బదులు గాజు సీసాలో ఇత్తడి రేకు ముక్కలు వేశారు. తొమ్మిది రోజులు చల్లగా ఉంచారు.

పిత్తం అనగానే మొహం చిట్లించకండి. బ్యాక్టీరియాని పెంచడానికి మేం రోజూ ప్లేట్లలో పోసే మెకాంకీ అగార్ అనే జెల్లీలో పిత్త లవణాలే ఉంటాయి. స్టెఫ్ లాంటి, గ్రామ్ పాజిటివ్ అనే వర్గం బ్యాక్టీరియాని పెరగనీయకుండా ఆపడానికే వాటిని కలుపుతారు.

ఇక ఫలితం. కొల్లాజెన్‌తో చేసిన కృత్రిమ గాయంలో పెంచిన స్టెఫ్‌లో వెయ్యికి ఒకటి మాత్రమే మిగిలింది. ఆ తరవాత అమెరికాలో టెక్సస్ టెక్ యూనివర్సిటీలో కెండ్రా రంబో బృందం ఎమ్మార్‌ఎస్‌ఏ సోకిన ఎలుక గాయాల మీద చూస్తే 90 శాతం దాకా చచ్చింది. మీ మెసేజ్‌లోని 90 అక్కడిదే. అయితే అవి బతికున్న ఎలుక ఒంటి మీది గాయాలు కావు, కోసి బయటికి తీసిన కండ ముక్కలు. పైగా 90 శాతం అంటే జనం "అంతా పోయినట్టే" అనుకుంటారు. పది లక్షలు ఉన్నచోట 90 శాతం చస్తే ఇంకా లక్ష మిగిలే ఉంటాయి. ఆ లక్ష మళ్లీ పది లక్షలవడానికి ఒక పూట చాలు.

సందేహాల_రావు

అదే రాతప్రతిలో ఇంకో మందు కూడా ఉంది, దాన్నెవరూ ఫార్వర్డ్ చేయరు. పిచ్చి పట్టినవాడికి పోర్పాయిస్ అనే సముద్ర జంతువు తోలుతో కొరడా చేసి, దాంతో బాదితే బాగవుతాడట. అదృశ్య శక్తులు బాణం వేస్తే జబ్బుపడిన గుర్రానికి కూడా చికిత్స ఉంది. వందల మందుల్లో ఒకటి తగిలితే దాన్ని పట్టుకుని పండగ చేసుకుంటున్నాం. గుడ్డెద్దు చేలో పడితే ఒక్కోసారి మంచి మేతే దొరుకుతుంది. ఎద్దు గొప్పదనం ఏముంది అందులో?

పాత_పుస్తకం

రావు గారూ, కొరడా సంగతి నిజమే. కానీ ఆ రాతప్రతిలో ఉన్నది ఒక పుస్తకం కాదు. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఆ ప్రతిలో మూడు భాగాలున్నాయి. మొదటి రెండూ బాల్డ్ అనే ఆయన సొత్తు. "ఈ పుస్తకం బాల్డ్‌ది, చిల్డ్ చేత రాయించాడు" అన్న అర్థంలో రెండో భాగం చివర లాటిన్‌లో ఉంటుంది, దాంతోనే ఆ పేరు వచ్చింది. మొదటి భాగంలో జబ్బులు తల దగ్గర మొదలై కాళ్ల దాకా వరసగా వస్తాయి. కంటి మందు అక్కడిది. మీరు చెప్పిన కొరడా మూడో భాగంలోది. అది వేరే సంకలనం, అదే ప్రతిలోకి ఎక్కించారు. బాల్డ్ మీద కేసు పెట్టాలంటే కొరడా సాక్ష్యం చెల్లదు.

'గుడ్డెద్దు' మాటకి కూడా ఒక సమాధానం ఉంది. ఎరిన్ కానెలీ అనే పరిశోధకురాలు 15వ శతాబ్దపు ఇంగ్లీషు వైద్య గ్రంథం ఒకటి తీసుకున్నారు. అందులోని 360 మందుల్నీ కంప్యూటర్‌కి ఎక్కించి, ఏ పదార్థం దేనితో జతగా వస్తోందో లెక్క తీశారు. 2020లో వచ్చిన ఆ పేపర్ ప్రకారం, ఇన్ఫెక్షన్ లక్షణాలకి ఇచ్చే మందుల్లో కొన్ని పదార్థాలు యాదృచ్ఛికంగా కలిసే దానికన్నా ఎక్కువసార్లు కలిసి వచ్చాయి. వాటిలో చాలావాటికి బ్యాక్టీరియాని అడ్డుకునే గుణం ఉందని ఇప్పటికే తెలుసు. అంటే చేతికందింది కలిపేయలేదు. చూసి, వాడి, ఉంచదగ్గది ఉంచుకున్నారు.

సందేహాల_రావు

చూసి, వాడి, కొరడా కూడా ఉంచుకున్నారు మరి.

వైద్య_వాసు

నేను ఆయుర్వేదంలో బీఏఎంఎస్ డిగ్రీ చేసి పన్నెండేళ్లుగా ప్రాక్టీసులో ఉన్నా. నాకు బాధ కలిగించే సంగతి ఒకటి చెప్తాను, మాధవి మేడమ్ కోప్పడకూడదు. సుశ్రుతుడు వ్రణాలకి తేనె, నెయ్యి చెప్పాడు. మధ్య ఆసియాలోని కుచాలో 1890లో దొరికిన బోవర్ రాతప్రతి అనే పాత సంస్కృత ప్రతిలో మొదటి భాగమే వెల్లుల్లి గురించి. తెలుగు వైద్యులు తరతరాలుగా చదువుకున్న బసవరాజీయం ఉంది. ఇంగ్లండులో ఒక్క కంటి మందు పరీక్షిస్తే లోకమంతా వార్త అయింది. మనం చెబితే "మూఢనమ్మకం" అంటారు. ఇదేం న్యాయం?

ఇంకో మాట. ఐసీయూ గారు చెప్పిన పసుపూ సున్నమూ కట్టు ఏ శాస్త్రంలోనూ షుగర్ పుండుకి చెప్పింది కాదు. శోధన, అంటే ముందు పుండుని శుభ్రం చేయడం, ఆ తరవాతే రోపణ, అంటే మాన్పడం. కట్టు కట్టేవాళ్లు మొదటిది వదిలేసి రెండోదానికి దూకుతారు.

ఐసీయూ_రాత్రులు

చివరి పేరా నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటా వాసు గారూ. మేం చెప్పే డీబ్రైడ్‌మెంట్ అదే. మీ దగ్గరికి అలాంటి కాలు వస్తే సర్జన్ దగ్గరికి పంపుతారు కదా?

వైద్య_వాసు

పాదంలో నాడి ఆడకపోయినా, ఎముక కనిపించినా, జ్వరం ఉన్నా అదే రోజు పంపుతాను. ఆలోచనే లేదు.

మైక్రో_మాధవి

కోపం దేనికండీ. మీ ప్రశ్న సరైనదే, కానీ జవాబు "వాళ్లది ఇంగ్లండు కాబట్టి" కాదు. వాళ్లు మందుతో పాటు మందు కాని వాటినీ పరీక్షించారు కాబట్టి. వెల్లుల్లి ఒక్కటే, ఉల్లి ఒక్కటే, వైన్ ఒక్కటే, పిత్తం ఒక్కటే, ఇలా దేనికది విడిగా. ఆ పని వల్ల బయటపడిన విషయమే ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపిస్తుంది.

హారిసన్ తరవాత వారిక్ యూనివర్సిటీకి వెళ్లారు. 2020లో ఆ బృందం వేసిన పేపర్‌లో ఉన్నది ఇది. ద్రవంలో విడివిడిగా ఈదే బ్యాక్టీరియాని వెల్లుల్లి ఒక్కటే చంపగలదు. కానీ గాయంలో బ్యాక్టీరియా అలా విడిగా ఉండదు. గుంపుకట్టి తన చుట్టూ జిగురు పొర కట్టుకుంటుంది. బావి మెట్ల మీద పట్టే పాకుడు చూశారుగా, ఎంత నీళ్లు పోసినా పోదు. దాన్ని బయోఫిల్మ్ అంటాం. మానని పుండ్లకి సగం కారణం అదే. ఆ పొర మీద వెల్లుల్లి ఒక్కటే ఏమీ చేయలేకపోయింది. అన్నీ కలిపిన మందు మాత్రం స్టెఫ్ రెండు జాతులు, స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్, ఐసీయూల్లో వణికించే అసినెటోబ్యాక్టర్ బౌమానీ, స్టెనోట్రోఫోమోనాస్, ఈ ఐదింటి పొరల్లోనూ పనిచేసింది. ఏ ఒక్క పదార్థం తీసేసినా అంత బలం రాలేదు.

గోదారి గారూ, మీ మావయ్యగారికి ఇది చదివి వినిపించండి. ఏ పరిశోధన పేరు చెప్పి వెల్లుల్లి కడదామంటున్నారో, పుండులోని పొర మీద వెల్లుల్లి ఒక్కటే పనిచేయదని తేల్చింది ఆ పరిశోధనే.

వాసు గారి తేనె గురించి: గాయాలకి వాడే మెడికల్ తేనె ఉంది, అమెరికాలో 2007 నుంచి అనుమతి ఉంది. కానీ దాన్ని గామా కిరణాలతో శుద్ధి చేస్తారు. సీసాలోని మామూలు తేనెలో క్లాస్ట్రిడియం అనే ప్రమాదకరమైన బ్యాక్టీరియా బీజాలు ఉండే అవకాశం ఉంది. 2023లో హారిసన్ బృందమే తేనెనీ వెనిగర్‌నీ కలిపి పరీక్షించింది. మధ్యయుగంలో ఆక్సిమెల్ అని వాడేవారు. విడివిడిగా పెద్దగా పనిచేయని మోతాదుల్లో కూడా రెండూ కలిస్తే పొరలోని బ్యాక్టీరియాని చంపాయి. వెనిగర్లలో దానిమ్మ వెనిగర్ ప్రత్యేకంగా కనబడింది.

సందేహాల_రావు

2005లో అమెరికాలోనే, మసాచుసెట్స్‌లోని వీటన్ కాలేజీ వాళ్లు ఇదే కంటి మందు చేసి, బ్యాక్టీరియా మీద చెప్పుకోదగ్గ ప్రభావం లేదని రాశారు. దాన్ని ఎందుకు దాటేశారు మేడమ్?

మైక్రో_మాధవి

దాటేయలేదు, మీరు తెస్తారని తెలుసు. :) పరీక్షించే పద్ధతిని బట్టి ఫలితం తిరగబడటం ఇలాంటి మిశ్రమాల్లో మామూలే. అగార్ ప్లేటు మీద మందు చుక్క పెట్టి చుట్టూ ఖాళీ వలయం వస్తుందా అని చూసే పద్ధతి ఉంది. పదార్థం అగార్‌లోకి సరిగా పాకకపోతే వలయం రాదు, మందు పనికిరాదని రాసేస్తాం. వెల్లుల్లిలో ఘాటు పదార్థం అల్లిసిన్ అసలు పాయలో ఉండదు, దంచినప్పుడే పుడుతుంది. పుట్టిన దగ్గర్నుంచీ విరిగిపోతూనే ఉంటుంది. ఎంత దంచారు, ఎంతసేపటికి వైన్ పోశారు, అన్నిటికీ లెక్క ఉంటుంది. ఒక ల్యాబ్‌లో రాలేదు, వేరే ల్యాబుల్లో, రెండు దేశాల్లో వచ్చింది. రెండూ రికార్డులో ఉండాలి.

డల్లాస్_సుబ్బు

ఆ టెక్సస్ టెక్ ఉన్నది లబ్బాక్‌లో, మా ఊరికి కారులో అయిదు గంటల దారి. మా అబ్బాయి అక్కడే చదివాడు. పత్తి చేలు, దుమ్ము తప్ప ఏమీ లేదనేవాడు ఆ ఊళ్లో. ఇప్పుడు ఈ థ్రెడ్ లింకు వాడికి పంపిస్తా.

పనిలో పని, మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారిని ఎవరూ తలచుకోలేదేంటి? అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన పరిశోధన డైరెక్టర్‌గా ఉన్నప్పుడే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తీశాడు, 1948లో బయటికొచ్చింది. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ జాతికి అదే మొదటిది. చిత్రం ఏంటంటే, సూడాన్‌లోని నూబియాలో 350 నుంచి 550 మధ్య కాలం నాటి అస్థిపంజరాల్లో కూడా టెట్రాసైక్లిన్ కనబడింది. 1980లో మైక్రోస్కోపు కింద ఎముకలు పసుపుపచ్చగా మెరిస్తే గుర్తుపట్టారు. వాళ్లు తాగే బీరులో, ధాన్యానికి పట్టిన స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చిందని అంటారు. మందు అని తెలియకుండా మందు తాగారన్నమాట. రెండు అర్థాల్లోనూ.

గోదారి_గట్టు

సుబ్బు గారూ, మాది భీమవరం పక్కనే! సరే, నా తిక్క ప్రశ్న. 2015లో అంత బాగా పనిచేస్తే, ఇన్నేళ్లయినా ఆయింట్‌మెంట్‌గా షాపుల్లోకి ఎందుకు రాలేదు? మావయ్య "కంపెనీలు తొక్కేశాయి" అంటున్నాడు.

మైక్రో_మాధవి

తొక్కేయలేదు, మెట్టుమెట్టుగా నడుస్తోంది. 2022లో వచ్చిన పేపర్‌లో 109 మంది ఆరోగ్యవంతుల చర్మం మీద 48 గంటలు పట్టీ వేసి చూశారు, తీవ్రమైన ఇబ్బందేమీ రాలేదు. అది భద్రత కోసం చేసిన పరీక్ష. పుండు ఉన్నవాళ్ల మీద మానుతుందా లేదా అన్నది వేరే పరీక్ష, ఇంకా పెద్దది, ఖరీదైనది.

పటాన్‌చెరు_కెమిస్ట్

బల్క్ డ్రగ్ తయారీలో ఇరవై ఏళ్లుగా ఉన్నవాడిగా కంపెనీ వైపు మాట చెప్తా. ఒక మాత్రలో ఒక అణువు ఉంటే దాన్ని హెచ్‌పీఎల్‌సీ అనే, పదార్థాల్ని విడదీసి కొలిచే యంత్రంలో ఎక్కించి, ఎంత శాతం ఉందో, మలినాలు ఎన్నో చూపించి ఫైలు కట్టొచ్చు. ఈ మందులో వెల్లుల్లి, ఉల్లి, వైన్, పిత్తం. ఈ ఏడాది వెల్లుల్లి ఘాటు పోయినేడాదిలా ఉండదు. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ తేడా వస్తే ఏ రెగ్యులేటరూ ఒప్పుకోడు. పైగా దేన్ని కొలిచి "ఇది మందు" అనాలి? అన్నీ కలిస్తేనే పనిచేస్తుందని మేడమే చెప్పారు. మాకు తలనొప్పి వచ్చేది సరిగ్గా అక్కడే.

డబ్బు సంగతి ఇంకోటి. బీపీ మందు జీవితాంతం వాడతారు, యాంటీబయాటిక్ వారం. పైగా కొత్తది వస్తే డాక్టర్లు దాచుకుని ఆఖరి అస్త్రంగా వాడాలి, వాడాల్సింది కూడా అలాగే. అమ్మకాలెక్కడివి? అచావోజెన్ అని అమెరికా కంపెనీ ప్లాజోమైసిన్ అనే కొత్త యాంటీబయాటిక్‌కి 2018లో అనుమతి తెచ్చుకుంది. 2019లో దివాలా తీసింది. అనుమతి వచ్చిన మందుకే ఆ గతి అయితే ఉల్లిపాయ రసానికి పెట్టుబడి ఎవరు పెడతారు?

సందేహాల_రావు

పటాన్‌చెరు అని మీ పేరులోనే ఉంది కాబట్టి అడుగుతున్నా. స్వీడన్‌కి చెందిన లార్షన్ బృందం పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లు పరీక్షించి 2007లో పేపర్ వేసింది, శుద్ధి అయ్యాక కూడా లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండే దానికన్నా ఎక్కువ. దాదాపు 90 కంపెనీల నీళ్లు అవి. మొండి బ్యాక్టీరియాని పెంచే పని ఇక్కడ చేసి, చంపే మందు పదో శతాబ్దంలో వెతుక్కోవడం బాగుంది.

పటాన్‌చెరు_కెమిస్ట్

లెక్క నిజమే, కాదనను. ఇసకవాగు ఒడ్డున మా తాతల పొలం ఉండేది. ఆ నీళ్ల రంగు నేను చూసినవాణ్ణే. తరవాత జీరో డిశ్చార్జ్ అని చాలా యూనిట్లు నీటిని ఆవిరిచేసి గట్టి వ్యర్థంగా మార్చే ప్లాంట్లు పెట్టుకున్నాయి. అందరూ రాత్రిళ్లు కూడా దాన్ని నడుపుతారా అని అడక్కండి. కానీ మొత్తం మా నెత్తిన వేయకండి. ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మే షాపు, జలుబుకి అజిత్రోమైసిన్ అడిగే మనం, కోళ్ల దాణాలో యాంటీబయాటిక్, వీటికి కూడా వాటా ఉంది. కోళ్లకి వాడకుండా కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ని కేంద్రం నిషేధించింది 2019లో.

ఐసీయూ_రాత్రులు

కొలిస్టిన్ మాకు ఆఖరి మందు. కిడ్నీలు దెబ్బతింటాయని ఒకప్పుడు పక్కన పెట్టేశారు. వేరే దారి లేక మళ్లీ తెచ్చుకున్నాం. దాన్ని కోళ్లు బలవడానికి వేశారు. ఇంతకన్నా రాస్తే మోడరేటర్ తీసేస్తాడు.

2019 ఒక్క ఏడాదిలో మందులకి లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా పోయిన ప్రాణాలు ప్రపంచంలో 12.7 లక్షలని అంచనా. నైట్ డ్యూటీలో ఉన్నప్పుడు అది అంకెలా అనిపించదు.

మోడరేటర్

"వేయించిన వెల్లుల్లి ఆయింట్‌మెంట్, 100 గ్రాములు 499" అని పోస్టు పెట్టిన సభ్యుణ్ణి తీసేశాం. ఈ థ్రెడ్‌లో అమ్మకాలు వద్దు. చర్చ సాగించండి.

పాత_పుస్తకం

వేయించిన వెల్లుల్లా! అల్లిసిన్ పుట్టించే ఎంజైము వేడికి చస్తుంది. అమ్మేవాడికి ఆ మాత్రం కూడా తెలీదు.

వేడి అంటే గుర్తొచ్చింది. పాత పుస్తకం నుంచి నిజంగా మందు ఎలా వస్తుందో చూడాలంటే చైనా చూడాలి. క్లోరోక్విన్‌కి మలేరియా లొంగడం మానేశాక, తూ యూయూ అనే శాస్త్రవేత్త బృందం పాత గ్రంథాల్నీ నాటువైద్యుల్నీ గాలించి 2,000కి పైగా మందుల్ని పరిశీలించింది. అందులో 640 పనికొస్తాయేమో అని ఏరారు. దాదాపు 200 మొక్కల నుంచి 380కి పైగా సారాలు తీసి ఎలుకల మీద చూశారు. చింగ్‌హావ్ అనే మాచిపత్రి జాతి మొక్క ఒకసారి పనిచేసేది, ఇంకోసారి చేసేది కాదు. అప్పుడు ఆవిడ 4వ శతాబ్దపు కో హుంగ్ గ్రంథం మళ్లీ తెరిచింది. "గుప్పెడు ఆకు నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగాలి" అని ఉంది. కాచమని లేదు! మరిగించడం వల్లే గుణం పోతోందేమో అనిపించి, తక్కువ వేడికే ఆవిరయ్యే ఈథర్‌తో సారం తీసింది. 1971 అక్టోబరులో 191వ నమూనా ఎలుకల్లో నూటికి నూరు పనిచేసింది. 1972లో ముందు తన మీదే పరీక్షించుకుంది. 2015లో నోబెల్. చిత్రంగా నాటింగ్‌హామ్ వాళ్ల కంటి మందు వచ్చింది కూడా ఆ ఏడాదే.

వైద్య_వాసు

ఇదే నేను అనేది. ఆవిడ పుస్తకాన్ని తీసిపారేయలేదు, మళ్లీ చదివింది.

సందేహాల_రావు

చదివింది, సరే. మిగతా 199 మొక్కల్ని ఒప్పుకోలేదు కూడా. ఆ భాగం మీరు చదవరు వాసు గారూ. ఆ చింగ్‌హావ్ నుంచి వచ్చిన ఆర్టెమిసినిన్ మందు కూడా శాశ్వతం కాదు, కంబోడియా పడమటి వైపు దానికీ లొంగని మలేరియా వచ్చేసింది.

వైద్య_వాసు

199 పోయినా సరే, ఆ పరీక్ష మన దగ్గర మొదలెట్టమనే నా గొడవ. మా కాలేజీలో పీజీ థీసిస్‌లు అటకెక్కి ఉన్నాయి. చాలావాటిలో పోల్చి చూడటానికి ఏ మందూ లేని గుంపే లేదు. అది మా తప్పే అనుకోండి.

గోదారి_గట్టు

అప్‌డేట్. పెద్దమ్మని టౌనుకి తీసుకెళ్లాం. పుండు కోసి శుభ్రం చేశారు, ఎముకకి పాకలేదన్నారు. కల్చర్ రిపోర్టు వచ్చింది: క్లెబ్సియెల్లా న్యూమోనియే, ఈఎస్‌బీఎల్ పాజిటివ్. సెఫ్‌ట్రయాక్సోన్, సిప్రో పక్కన 'ఆర్', అమికాసిన్, మెరోపెనెమ్ పక్కన 'ఎస్' అని ఉంది. దీనర్థం ఏంటి? ఆవిడ ఇంతకు ముందు వాడిన రెండింట్లో ఒకటి సిప్రోనే.

ఐసీయూ_రాత్రులు

'ఆర్' అంటే లొంగదు, 'ఎస్' అంటే లొంగుతుంది. ఈఎస్‌బీఎల్ అంటే పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ జాతి మందుల్ని విరగ్గొట్టే ఎంజైములు ఆ బ్యాక్టీరియా తయారుచేసుకుంటోందని. ఇంకా దారులున్నాయి కాబట్టి కంగారు పడకండి. ఏది ఇవ్వాలో కిడ్నీ పరీక్షలు చూసి అక్కడి డాక్టరు చెప్తారు. మందు ఇంజెక్షన్ రూపంలో ఉండొచ్చు, పూర్తి కోర్సు అయ్యేదాకా మధ్యలో ఇంటికి తెచ్చేయకండి. మూడో తరం సెఫలోస్పోరిన్‌లూ కార్బపెనెమ్‌లూ 2014 నుంచి షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు, షాపువాళ్లు రిజిస్టరులో పేరు రాయాలి. ఎవరైనా ఊరికే ఇస్తానంటే తీసుకోకండి.

సందేహాల_రావు

మాధవి మేడమ్, బాల్డ్ గారి మందు ఈ క్లెబ్సియెల్లా మీద?

మైక్రో_మాధవి

నేను పైన చెప్పిన ఐదు పొరల జాబితాలో క్లెబ్సియెల్లా లేదు.

ఎమ్మెస్సీ_రెండో_ఏడు

అందరికీ నమస్తే. నేను మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ ఫైనలియర్, వరంగల్. ఈ థ్రెడ్ మొత్తం చదివా. మాధవి మేడమ్, దీన్నే చిన్న ప్రాజెక్టుగా చేయొచ్చా? మా గైడ్ "వెల్లుల్లి మీద వంద ప్రాజెక్టులు వచ్చాయి, వలయం కొలిచి రాసేస్తే చాలు" అంటున్నారు. మా దగ్గర బయోసేఫ్టీ క్యాబినెట్ ఉంది, ఎమ్మార్‌ఎస్‌ఏ లేదు.

మైక్రో_మాధవి

ఎమ్మార్‌ఎస్‌ఏ అక్కర్లేదు, తెచ్చుకోవద్దు కూడా. స్టెఫ్ ఆరియస్ ఏటీసీసీ 25923 అనే ప్రామాణిక రకం మీ డిపార్ట్‌మెంట్‌లో తప్పకుండా ఉంటుంది, డిస్క్ పరీక్షలకి వాడేదే. దాంతో చేయి.

వలయం ఒక్కటే కొలిచి ఆపకు, కారణం పైన రావు గారికి చెప్పాను. బ్రాత్‌లో, అంటే బ్యాక్టీరియా పెరిగే ద్రవంలో, మందు కలిపి, సమయానికి తీసి, పలచబరచి, ప్లేటు మీద కాలనీలు లెక్కపెట్టు. పొర మీద చేస్తే క్రిస్టల్ వయొలెట్ రంగుతో సరిపెట్టొద్దు, చచ్చిన బ్యాక్టీరియాకి కూడా రంగు పడుతుంది. అక్కడ కూడా కాలనీలే లెక్క.

అసలు పని కంట్రోల్స్‌లో, అంటే పోల్చి చూడటానికి పెట్టే నమూనాల్లో, ఉంది. నాలుగు పదార్థాల్నీ దేనికది విడిగా పెట్టు. తరవాత ఒక్కోసారి ఒక్కోటి తీసేసి మిగతా మూడూ కలిపి పెట్టు. వైన్‌కి పులుపు ఉంటుంది కాబట్టి అదే పీహెచ్‌కి తెచ్చిన నీళ్లు, అదే శాతం ఆల్కహాల్ ఉన్న నీళ్లు కూడా ఉండాలి. లేకపోతే పులుపే చంపిందని ఎవరైనా అంటే నీ దగ్గర జవాబు ఉండదు. పిత్తం కోసం కబేళాకి వెళ్లక్కర్లేదు, మీడియా స్టోర్‌లో 'ఆక్స్‌గాల్' అని డబ్బా ఉంటుంది చూడు. ఇత్తడి ఇప్పటికి వదిలెయ్, ఒకేసారి అన్నీ పెట్టుకుంటే ప్లేట్లు చాలవు.

వెల్లుల్లి ఒకే కొట్లో ఒకేసారి కొనొద్దు. వేర్వేరు వారాల్లో కొని కనీసం మూడు బ్యాచ్‌లు విడిగా తయారుచెయ్, కెమిస్ట్ గారు చెప్పిన తేడా ఎంతో నీకే అంకెల్లో కనబడుతుంది. దంచిన ఎన్ని నిమిషాలకి వైన్ పోశావో ప్రతిసారీ రాసుకో. తొమ్మిది రోజులు ఆగడం నిజంగా అవసరమా అన్నది కూడా చూడొచ్చు: మొదటి రోజు, మూడు, ఆరు, తొమ్మిది రోజులకి నమూనా తీసి పోల్చు. ఏ రోజుదైనా పనిచేయకపోతే అది కూడా రాయి. ప్రొటోకాల్ రాశాక ఇక్కడే పెట్టు, రావు గారు తప్పులు పడతారు, పనికొస్తుంది.

సందేహాల_రావు

పెట్టు బాబూ. ఏ ప్లేటులో ఏముందో లెక్కపెట్టేవాళ్లకి తెలియకుండా నంబర్లు వేయడం కూడా అందులో రాయి. మేడమ్ అది మర్చిపోయారు.